75 లీటర్ల నీళ్లు, రెండు ప్యాడ్లు, ఒక ఎడారి

బయలుదేరడానికి మూడు నెలల ముందు

ఎడారి దేశానికి బౌల్డరింగ్ చేయడానికి, అంటే తాడు లేకుండా గుండ్లు ఎక్కడానికి, వెళ్తున్నామని చెబితే మా అత్తగారు అడిగిన మొదటి మాట, "అక్కడ ఇసుకే కదమ్మా ఉండేది, ఎక్కడానికి రాళ్లెక్కడివి?" అని. అడగాల్సిన ప్రశ్నే. నమీబియా అనగానే అందరికీ గుర్తొచ్చేవి ఫొటోల్లో కనిపించే ఎర్రటి ఇసుక తిన్నెలు. అవి దక్షిణాన ఉన్నాయి. మేం వెళ్లాలనుకున్నది నమీబ్ ఎడారి తూర్పు అంచున, చదునైన రాతినేల మధ్య ఉన్నట్టుండి పైకి లేచిన గ్రానైట్ కొండ దగ్గరికి. దాని పేరు స్పిట్జ్‌కోపె. చుట్టూ ఉన్న మైదానం నుంచి 700 మీటర్ల ఎత్తు లేచి ఉంటుంది. శిఖరం మీదికి మొదటిసారి మనుషులు ఎక్కింది 1946లో. మాకు శిఖరంతో పని లేదు. దాని పాదాల దగ్గర దొర్లిపడి ఉన్న గుండ్లు చాలు.

నేనూ, మా తమ్ముడూ హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టల మీద పదేళ్లుగా ఎక్కుతున్నాం. మా ఆయన ఎక్కరు. కింద కూర్చుని టీ ఫ్లాస్కు కాపలా కాస్తారు. ఈసారి ఆయనా వస్తానన్నారు, డ్రైవింగ్ ఎవరు చేస్తారని.

మొదట జోర్డాన్‌లోని వాడి రమ్ అనుకున్నాం. కానీ అది ఇసుకరాయి, పైగా అక్కడి పేరంతా తాడు కట్టుకుని ఎక్కే పెద్ద గోడలది. మా చేతులకు అలవాటైంది గ్రానైట్. నమీబియాలో ఇంకో రెండు సుఖాలు: అధికార భాష ఇంగ్లీషు, బండి నడిపేది మనలాగే ఎడమవైపు. జులై ఎంచుకున్నాం. అక్కడ అది చలికాలం, వాన జాడ ఉండదు.

ప్లానింగ్ అంటే ఏ గుండు మీద ఏ ప్రాబ్లమ్ (గుండు ఎక్కే ఒక్కో దారిని మేం అలా అంటాం) ఎక్కాలో రాసుకోవడమే అనుకున్నాడు తమ్ముడు. రెండు వారాలు అదే పని మీద ఉన్నాడు. ఈలోగా నేను టికెట్లు చూస్తే, మాకు అందిన ధరలో ఉన్నది ముంబయి నుంచి అడిస్ అబాబా మీదుగా వెళ్లేది. ఇథియోపియా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉంది. టీకా కార్డు లేకుండా అటు నుంచి తిరిగొస్తే ఇక్కడ ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. విమానం మారడానికే దిగుతాం కదా, మాకు వర్తించదేమోనని వాదించుకుంటూ కూర్చునే బదులు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు వెళ్లి ముగ్గురం సూది వేయించుకున్నాం. ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి, ఒకసారి వేసుకుంటే ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది.

ఆ తర్వాతి టెన్షన్ క్రాష్ ప్యాడ్లు, పడితే దెబ్బ తగలకుండా గుండు కింద పరిచేవి. మంచం పరుపును సగానికి మడిచినట్టు ఉంటాయి. బరువు ఆరేసి కిలోలే, సైజు మాత్రం మామూలు లగేజీ కొలత దాటిపోతుంది. మడతలో స్లీపింగ్ బ్యాగులు, బట్టలు, షూలు కూరి, పైన గోనెపట్టా కుట్టి, పెద్ద సైజు లగేజీకి ముందే డబ్బు కట్టాం. మూడో ప్యాడ్ తీసుకెళ్దామా వద్దా అని చాలాసేపు తర్జనభర్జన పడి, ఖర్చు చూసి వద్దనుకున్నాం. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

మొదటి రోజు

ముంబయిలో సామాను తనిఖీ దగ్గర ఆపారు. చాక్. చేతులకు చెమట పట్టకుండా రాసుకునే తెల్లటి మెగ్నీషియం కార్బొనేట్ పొడి. తమ్ముడు దాన్ని ఇంట్లో ఉన్న హార్లిక్స్ సీసాలో పోసి తెచ్చాడు! సీల్ తీయని ప్యాకెట్ నా సంచిలో ఉండబట్టి సరిపోయింది. రెండూ పక్కపక్కన పెట్టి, అరచేతులకు పూసి చూపించి, ఫోన్‌లో మేం గుండు ఎక్కుతున్న వీడియో కూడా చూపించాక వదిలారు. "పౌడర్ రాసుకుని రాయెక్కడానికి ఆఫ్రికా దాకానా" అన్నాడు ఆ ఉద్యోగి, నవ్వకుండా.

అడిస్‌లో విమానం మారి, మధ్యాహ్నానికి నమీబియా రాజధాని విండ్‌హుక్. విమానాశ్రయం ఊరికి నలభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. దారంతా ఎండిన గడ్డి, ముళ్లకంపలు, చీమపుట్టలు. ఒక్కమాటలో చెప్పాలంటే మే నెల మహబూబ్‌నగర్, కాకపోతే చలిగా. మన కన్నా మూడున్నర గంటలు వెనక ఉంటారు, కాబట్టి రాత్రి ఎనిమిదికే ముగ్గురం పడిపోయాం.

రెండో రోజు, విండ్‌హుక్

రోజంతా సరుకులు, బండి.

అద్దెకిచ్చే చోట గంటన్నర పాఠం చెప్పారు. డబుల్ క్యాబిన్ పికప్, పైకప్పు మీద మడత విప్పే రెండు గుడారాలు, రెండు స్టెప్నీలు, గాలి కొట్టే చిన్న కంప్రెసర్. కంకర రోడ్డు మీదికి దిగే ముందు టైర్లలో గాలి తగ్గించాలి, గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు, చీకటి పడ్డాక నడపకూడదు. జంతువులు అడ్డం వస్తాయి. కంకర మీద విదేశీయుల బండ్లు ఎక్కువగా దేన్నీ గుద్దుకోవట, వాటంతటవే పల్టీ కొడతాయట. మా ఆయన ఇదంతా నోట్‌బుక్‌లో రాసుకున్నారు. తమ్ముడు ఫోన్ చూసుకుంటున్నాడు.

తర్వాత నీళ్లు. స్పిట్జ్‌కోపెలో గుడారం వేసుకునే చోట్ల కొళాయిలుండవు. మనిషికి రోజుకు అయిదు లీటర్లు, ముగ్గురికి అయిదు రోజులు, 75 లీటర్లు. అయిదు లీటర్ల క్యాన్లు పదిహేను. బస చేసిన చోటి కొళాయిలో పట్టుకుంటే సరిపోతుందన్నాను. అప్పుడే నోరు జారి ఇంకో ముక్క కూడా చెప్పాను: విండ్‌హుక్ 1968 నుంచి మురుగునీటిని శుద్ధి చేసి తాగునీటిలో కలుపుతోంది, ప్రపంచంలో ఈ పని మొదట చేసిన నగరాల్లో ఇదొకటి అని. మా ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "చెప్పకుండా ఉండాల్సింది అక్కా" అన్నాడు తమ్ముడు. చివరికి పది క్యాన్లు కొళాయివి, అయిదు కొన్నవి. కొన్నవాటి మీద మార్కర్‌తో 'బావ' అని రాసి పెట్టాడు వాడు.

వంటకు గ్యాస్ బుడ్డి బండితోపాటే వచ్చింది, విమానంలో ఎలాగూ తేనివ్వరు. బియ్యం, ఎర్ర పప్పు, ఉల్లిపాయలు సూపర్‌మార్కెట్‌లో దొరికాయి. కందిపొడి, పులిహోర పేస్టు, ఆవకాయ మావి. ఆవకాయ సీసా మూత దగ్గర నూనె కారి ఒక ప్యాడ్ మూల ఎర్రబడింది. ఆ మరక ఇప్పటికీ ఉంది.

మూడో రోజు, కొండ దారి

ఉత్తరంగా ఒకహంజా దాకా వెళ్లి పడమటికి తిరిగాం. కరిబిబ్, ఉసాకోస్ దాటాం. తారు రోడ్డు గీత గీసినట్టు ఉంటుంది, ఎదురొచ్చే బండ్లు తక్కువ. ఈ దేశం మన రెండు తెలుగు రాష్ట్రాలకు మూడింతలు. జనాభా మాత్రం ముప్పై లక్షలు. మన కూనో నేషనల్ పార్కుకు 2022లో వచ్చిన ఎనిమిది చీతాలు ఇక్కడివే. అవి ఇంత ఖాళీ నేల చూసి వచ్చి అక్కడ ఏమనుకున్నాయో అన్నారు మా ఆయన.

ఉసాకోస్‌లో డీజిల్ నింపించి, కాస్త దూరం వెళ్లాక కుడివైపు కంకర రోడ్డు ఎక్కాం. ఇంకో ముప్పై కిలోమీటర్లు. మలుపు దగ్గర రాళ్లమ్మే బల్లలు వరుసగా ఉన్నాయి. స్ఫటికాలు, టోపాజ్, నల్లటి టూర్మలిన్ ముక్కలు. బల్ల వెనక ఉన్నావిడ చెయ్యి ఊపింది. వచ్చేటప్పుడు ఆగుతామని సైగ చేశాం.

కొండ ముందుగా గోరంత కనిపించింది. తర్వాత గోపురమంత. మధ్యాహ్నం మూడుకల్లా ఆకాశంలో సగం అదే. పక్కన పొంటోక్ అనే గుండ్రటి దిబ్బల వరుస. బండి దిగి రాయి మీద చెయ్యి వేసి తమ్ముడు అన్నాడు, "అక్కా, మౌలాలి."

నిజంగానే మన మౌలాలి గుట్టలా ఉంది. అయితే వయసులో పోలిక లేదు. హైదరాబాద్ గ్రానైట్ దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటిది. ఇది ఆఫ్రికా, దక్షిణ అమెరికా విడిపోయే కాలంలో భూమి లోపలి నుంచి ఉబికి, పైకి రాకుండానే గడ్డకట్టిన రాయి. 12, 13 కోట్ల సంవత్సరాలంతే. మీదున్న నేల కొట్టుకుపోయాక బయటపడింది. మన రాయి ముందు పసికందు.

ఇక్కడి క్యాంపు ఊరివాళ్లే నడుపుతున్నారు. గేటు దగ్గర డబ్బు కట్టి, కొండ చుట్టూ విసిరేసినట్టున్న స్థలాల్లో మనకు నచ్చింది ఎంచుకోవచ్చు. ఒక్కో స్థలానికి ఒక పొయ్యి, ఎక్కడో దూరంగా గుంట మరుగుదొడ్డి. పక్క గుడారం వాళ్లు కనిపించరు. వాళ్ల పొగ మాత్రం కనిపిస్తుంది.

రాత్రి అన్నం, పప్పు, ఆవకాయ. వృశ్చికం సరిగ్గా నెత్తిమీద. హైదరాబాద్‌లో దక్షిణాన నేలకు ఆనుకుని, అదీ దుమ్ము లేని వేసవి రాత్రి అయితేనే కనిపించే త్రిశంకు నక్షత్రాలు ఇక్కడ బాగా పైన, ఎవరూ తలకిందులుగా వేలాడదీయనట్టు దర్జాగా ఉన్నాయి. చలి ఎముకల్లోకి దిగింది. స్వెట్టర్లు చాలక తమ్ముడు ప్యాడ్ కప్పుకుని పడుకున్నాడు.

నాలుగో రోజు, మొదటి గుండు

సూర్యుడు ఏడున్నరకు గానీ రాడు. అప్పటికి రాయి ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంటుంది. చల్లటి గ్రానైట్ మీద పట్టు బాగా దొరుకుతుంది కాబట్టి మాకు కావాల్సింది అదే. పదిన్నర తర్వాత ఎండ తగిలిన ముఖాలు వేడెక్కి వేళ్లు జారతాయి. అప్పటి నుంచి నీడ ఎటుంటే అటు ప్యాడ్లు మోసుకుంటూ తిరగాలి. ఇంట్లో తమ్ముడు తయారుచేసిన పట్టికలో ప్రాబ్లమ్‌లు గ్రేడ్ వరుసలో, అంటే ఎంత కష్టమో ఆ వరుసలో ఉన్నాయి. ఉండాల్సింది నీడ వరుసలో. మొదటి గంటలోనే ఆ కాగితం పొయ్యిలోకి వెళ్లింది.

ఇక్కడి రాయికి ఒక గుణం ఉంది. ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడుతుంది. పగలు ఎండ, రాత్రి చలి, కోట్ల ఏళ్లుగా. కొన్ని పొరలు ఊడీ ఊడకుండా గోడను అంటిపెట్టుకుని ఉంటాయి, చూడ్డానికి చక్కటి హోల్డ్, చేతికి పట్టు. లాగితే చేతిలోకి వస్తుంది, మనమూ దానితోపాటు కిందికి. అందుకే ప్రతి పొరనీ వేలి కణుపుతో కొట్టి వినాలి. గట్టి రాయి 'టక్' అంటుంది. ఊడబోయేది 'డబ్' అంటుంది, పగిలిన కుండలా. మా ఆయన చిన్నప్పుడు సంతలో వాళ్ల నాయనమ్మతో కుండలు కొన్న మనిషి. ఈ విద్య మా ఇద్దరికన్నా ఆయనకే ముందొచ్చింది. "ఇది వద్దు, ఇది మంచిది" అని కింద నుంచి తీర్పు చెబుతూ వెళ్లారు. ఒక్కటి కూడా తప్పలేదు.

తమ్ముడు ఒక వాలు గోడ మీద తెల్లటి చారలు చూసి సంబరపడ్డాడు. "ఎవరో ఎక్కారు అక్కా, చాక్ గుర్తులున్నాయి." చెయ్యి పెట్టి, వాసన చూసి, తీసేశాడు. రాళ్ల సందుల్లో ఉండే డాసీ అనే కుందేలంత జంతువులు ఒకేచోట మూత్రం పోస్తూ పోస్తూ ఉంటే అది తెల్లగా పేరుకుంటుంది. వాటిలో ఒకటి పైన కూర్చుని మమ్మల్నే చూస్తోంది. ఏనుగుకు దగ్గరి చుట్టమంటారు దాన్ని. మొహంలో ఆ గాంభీర్యం ఉంది మరి.

సాయంత్రానికి పదకొండు ఎక్కాం. ఏదీ కష్టమైంది కాదు. కానీ రాయిలో గింజలు పెసరగింజలంత, అంచులు పదును. వేళ్ల కొసలు గులాబీ రంగుకు వచ్చాయి. చారులో వేలు ముంచితే ప్రాణం పోయింది.

అయిదో రోజు, చర్మానికి సెలవు

మొదటి రోజే ఆత్రపడినందుకు రెండో రోజు విశ్రాంతి. క్యాంపులోని స్థానిక గైడ్‌తో బొమ్మలు చూడ్డానికి వెళ్లాం. బుష్‌మన్స్ పారడైజ్ అనే చోటికి నున్నటి వాలు మీద గొలుసు పట్టుకుని ఎక్కాలి. మా ఆయన ఏ బెరుకూ లేకుండా ఎక్కేశారు. "గొలుసుంటే నేనూ క్లైంబర్‌నే."

పైన రాతి గూడు కింద వేల ఏళ్ల కిందట వేటగాళ్లు ఎర్రమట్టి రంగుతో వేసిన మనుషులు, జంతువులు. చాలా బొమ్మలు చెడిపోయాయి. రంగు బాగా కనబడాలని నీళ్లు చల్లినవాళ్లు, పేర్లు గీకినవాళ్లు, అన్ని దేశాల్లోనూ ఉంటారు. బొమ్మలున్న రాళ్ల దరిదాపుల్లో ఎక్కకూడదనీ చాక్ పూయకూడదనీ గైడ్ రెండుసార్లు చెప్పాడు. ఖాజాగూడలో గుండ్ల మీద ప్రేమ జంటల పేర్లు, కోచింగ్ సెంటర్ ప్రకటనలు చూసి చూసి ఉన్న మాకు మూడోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆరో రోజు

ఉదయం మంచి చల్లదనం. క్యాంపు వెనక మనిషికి రెండింతల ఎత్తు గుండు, కుడివైపు వాలుగా సాగే అంచు. నేను మూడో ప్రయత్నంలో పైకి చేరాను. తమ్ముడు నాకన్నా పొడగరి, అంచు చివర ఎడమకు దూకి ఇంకో హోల్డ్ పట్టుకోవాలని చూశాడు. రెండు ప్యాడ్లు పక్కపక్కన ఉన్నాయి. మధ్యలో బెత్తెడు సందు. నాకది కనిపించింది. ఇప్పుడు సర్దుదాంలే అనుకుంటూ ఉండగానే వాడు జారాడు. ఎడమ పాదం సరిగ్గా ఆ సందులో పడింది.

అరవలేదు. కూర్చుని "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటున్నాడు. వాడు ఆ మాట అన్నాడంటే గట్టి దెబ్బే. చీలమండ అయిదు నిమిషాల్లో నిమ్మకాయంత వాచింది. స్పాటింగ్ అంటే పడేవాడిని పట్టుకోవడం కాదు, నడుం దగ్గర తోసి ప్యాడ్ మీదికి మళ్లించడం, తల కాపాడటం. మా ఆయన అది సరిగ్గానే చేశారు. ప్యాడ్లు సర్దాల్సిన పని నాది. రెండు ప్యాడ్ల మధ్య పరిచే పల్చటి మ్యాట్ ఇంట్లో అటక మీద ఉంది. మూడో ప్యాడ్ వద్దన్నది కూడా నేనే.

క్రేప్ బ్యాండేజీ చుట్టి, కాలు ఎత్తులో పెట్టి, సముద్రతీరంలోని స్వాకోప్‌మండ్ ఊరికి బయలుదేరాం. నూరు కిలోమీటర్ల పైన ప్రయాణం. కంకర రోడ్డు మీద బండి కుదిపిన ప్రతిసారీ వెనక నుంచి "బావా, నెమ్మది" అని, ముందు నుంచి "అరవైలోనే పోతున్నానురా" అని. సముద్రం దగ్గరపడేకొద్దీ ఎండ మాయమై పొగమంచు. తీరం వెంట పారే చల్లటి బెంగ్వేలా ప్రవాహం వల్ల ఈ మంచు. ఎడారీ సముద్రమూ కలిసేచోట ముగ్గురం వణుకుతూ ఎక్స్‌రే గది బయట కూర్చున్నాం.

ఎముక విరగలేదు. బెణికింది. మూడు వారాలు ఎక్కొద్దన్నారు. బిల్లు కట్టి, ఇన్సూరెన్స్ కోసం ప్రతి కాగితం ఫొటో తీసుకున్నాను. ఆ పాలసీ తీసుకునేటప్పుడు 'సాహస క్రీడలు' అనే గడి టిక్ చేస్తే ఎంత పెరుగుతుందోనని ఆలోచించి, ఆఖరికి చేశాను. లేకపోతే ఈ ఖర్చు మాదే అయ్యేది.

ఏడో రోజు

స్వాకోప్‌మండ్ పాత జర్మన్ ఊరు. బంగ్లాలు, బేకరీలు అందంగా ఉన్నాయి. 1904 నుంచి 1908 దాకా హెరెరో, నామా ప్రజలను వేల సంఖ్యలో చంపిన పాలన కట్టుకున్న ఊరు కూడా ఇదే. దాన్ని మారణహోమమని జర్మనీ ప్రభుత్వం ఒప్పుకున్నది 2021లో. కేకు తింటూ ఆ సంగతి చదివాను. మిగతా కేకు మా ఆయన తిన్నారు.

ఇక్కడే ఉండిపోదామా అని అడిగితే తమ్ముడు ఒప్పుకోలేదు. "కాలు కదా పోయింది అక్కా, కళ్లు కాదు." సాయంత్రానికి మళ్లీ కొండ దగ్గర.

ఎనిమిదో రోజు

ఎవరూ ఏమీ నిరూపించుకోనక్కర్లేని రోజు. తమ్ముడు మడత కుర్చీలో కాలు చాపుకుని "ఎడమ పాదం ఇంకా పైకి, అది కాదు, దాని పక్కది" అని గంటల కొద్దీ ఆజ్ఞలు. ఈసారి రెండు ప్యాడ్లనూ ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించి, పైన గుడారం పరుపు పరిచాను. మొన్నటి గుండు ఎడమవైపు ఎవరూ పట్టించుకోని వాలు ముఖం ఒకటుంది. హోల్డులు లేవు, పాదాల ఘర్షణే. అరికాళ్లు రాయికి అప్పగించి, చేతులు ఊరికే ఆనించి లేవాలి. మధ్యలో ఒకచోట ఆగితే జారతాం. కింద మా ఆయన "టక్, టక్" అని రాయి కొట్టి వింటున్నారు. ఆ చప్పుడు పాదాల్లోకి వచ్చింది. అయిదుసార్లు జారాను, ఆరోసారి పైన ఉన్నాను. నారింజ రంగు తల బల్లి ఒకటి దారి ఇచ్చి పక్కకు జరిగింది.

సాయంత్రం బ్రష్‌తో మా చాక్ గుర్తులన్నీ తుడిచాం. డాసీలవి అలాగే ఉన్నాయి.

తొమ్మిదో రోజు

బండి సర్దుతుంటే తేలింది, ఇంకా అయిదు క్యాన్లు మిగిలాయి. మధ్యలో ఒక రోజు ఇక్కడ లేకపోవడం, చలికి దాహం వేయకపోవడం. అందులో మూడింటి మీద 'బావ' అని ఉంది. ఆయన రెండో రోజు నుంచే కొళాయి నీళ్లు తాగుతున్నారు, మాకు చెప్పలేదంతే.

మలుపు దగ్గర రాళ్లమ్మే ఆవిడ బల్ల ముందు ఆగి నీళ్లు దింపాం. సంతోషించింది. దమారా తెగ ఆవిడ, వాళ్ల మాటల్లో నాలుకతో వచ్చే 'టక్' శబ్దం నాకు నేర్పబోయి, నా తంటాలు చూసి నవ్వి వదిలేసింది. ఒక స్ఫటికం కొన్నాను. ఏ దేశమని అడిగింది. ఇండియా, హైదరాబాద్ అన్నాను. ఫోన్‌లో ఖాజాగూడ గుట్ట ఫొటో చూపించాను. సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్న పుట్టగొడుగు రాయి కూడా. ఆవిడ వేళ్లతో పెద్దది చేసి చూసింది. వెనక్కి తిరిగి స్పిట్జ్‌కోపె వైపు చూసింది, మళ్లీ ఫోన్ వైపు.

"ఇవే రాళ్లు మీ ఊళ్లోనూ ఉన్నాయిగా. ఇంత దూరం ఎందుకొచ్చారు?"

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు కాలి కట్టు సర్దుకుంటున్నాడు. బండిలోంచి మా ఆయన తల బయటపెట్టి అన్నారు, "మూడు నెలల నుంచి నేనూ అదే అడుగుతున్నానమ్మా."